కడగకూడనిదాన్ని కడిగాను

కారు ఏసీ గాలి మందగించిందంటే గ్యాస్ తగ్గిందని లెక్క. గుంటూరులో కారున్న ఎవరిని కదిపినా ఇదే మాట. నేనూ చాలా ఏళ్లు ఇదే నమ్మాను. ఎండలు ముదరకముందే ఆటోనగర్ వెళ్లి గ్యాస్ కొట్టించుకుని, ఈ వేసవికి ఢోకా లేదని ఇంటికొచ్చేవాణ్ణి. నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. మూసి ఉన్న గొట్టాల్లో తిరిగే వాయువు పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, ఎక్కడో లీకైతే తప్ప తగ్గదు. ఈ సంగతి నాకు తెలియదనడానికి వీల్లేదు. తెలిసినదాన్ని నా బండి దగ్గర వాడలేదు, అంతే.

తేడా పట్టుకోవడానికి మెకానిక్ కూడా అక్కర్లేదు. గ్యాస్ తగ్గితే గాలి జోరుగానే వస్తుంది, చల్లగా ఉండదు. దారిలో ఏదైనా అడ్డుపడితే వచ్చే గాలి చల్లగానే ఉంటుంది, జోరు ఉండదు. ఫ్యాన్ ఆఖరి నంబరులో పెట్టినా రొద పెరుగుతుందే గాని, చెయ్యి పెడితే తగిలేది అంతంతమాత్రం. మా కారుది రెండో జబ్బు, నేను చేయించింది మొదటిదానికి వైద్యం. గ్యాస్ కొట్టిన కుర్రాణ్ణి అనడానికేమీ లేదు. అతను చూస్తానన్నా వినకుండా గ్యాసే కొట్టమన్నది నేను.

అసలు సంగతి నాకు ముందే చెప్పారు కూడా. సర్వీసుకు ఇచ్చినప్పుడు అక్కడి అమ్మాయి ఫోన్ చేసి, “సార్, క్యాబిన్ ఫిల్టర్ పూర్తిగా జామ్ అయిపోయింది. మార్చాలి. ఏసీ క్లీనింగ్‌తో కలిపి 2,000 దాకా అవుతుంది” అంది. వద్దమ్మా, ఆయిల్ మార్చి ఇచ్చేయండి చాలు అన్నాను. బిల్లు పెంచడానికి ఏదో ఒక పేరు చెబుతారని నా అనుమానం. ఆ అనుమానం ప్రతిసారీ తప్పు కాకపోవచ్చు. కానీ ఆ ఫిల్టర్ ఒకసారి తీసి చూపించమ్మా అని అడగవచ్చు కదా. అడిగితే చూపిస్తారు, అది రెండు నిమిషాల పని. మోసపోకూడదన్న పట్టుదలలో, ఎదుటివాళ్లు చెప్పింది నిజమా అని చూసుకునే పని కూడా మానేశాను.

ఆ ఫోన్ మాట మాత్రం మనసులో మెదులుతూనే ఉంది. ఒక ఆదివారం స్పేర్ పార్టుల షాపులో అడిగాను. మా 2016 మోడల్ చిన్న కారుకు మామూలు ఫిల్టర్ 300 అన్నాడు, బొగ్గు పొర ఉన్నదైతే 500 దాకా అన్నాడు. ఇంట్లోనే మార్చుకోవచ్చని కూడా అతనే చెప్పాడు. “స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు మాస్టారూ.” పెట్టెలోంచి తీసి చేతిలో పట్టుకుని చూశాను. ప్లాస్టిక్ చట్రంలో మడతలు మడతలుగా తెల్లటి మెత్తటి గుడ్డ. ఇంతేనా, దీన్ని కడిగితే పోలేదా అనిపించింది. బల్ల మీద పెట్టేసి వచ్చేశాను. పాల ప్యాకెట్ కవరు కూడా కడిగి ఆరేసి దాచే ఇంట్లో పుట్టినవాణ్ణి. ఆ పొదుపును నేను ఇవాళ్టికీ తప్పనను. ఏది కడిగితే పనికొస్తుందో, ఏది కడిగితే పాడవుతుందో కనుక్కోకుండా అన్నిటికీ ఒకే సూత్రం పెట్టుకోవడమే నా తెలివితక్కువ.

ఫిల్టర్ తియ్యడం నిజంగానే తేలిక. ఎడమవైపు సీటు ముందు కాగితాలు పెట్టుకునే గ్లవ్ బాక్స్ ఉంటుంది కదా, దాన్ని ఖాళీ చేసి, తలుపు తెరిచి, రెండు పక్కల గోడల్నీ చేతులతో లోపలికి నొక్కాలి. పక్కనున్న పట్టీలు తప్పుకుని పెట్టె మొత్తం కిందికి వాలుతుంది. కొన్ని బండ్లలో పక్కన చిన్న తాడులాంటిది తగిలించి ఉంటుంది, దాన్ని ముందు విడదీయాలి. వెనకాల అడ్డంగా నల్లటి ప్లాస్టిక్ మూత కనబడుతుంది. రెండు చివర్లా క్లిప్పులు నొక్కితే ఊడివస్తుంది. దాని లోపలే ఫిల్టర్. అర లాగినట్టు లాగితే బయటికి వచ్చేస్తుంది. నిదానంగా లాగాలి, లేకపోతే పైనున్న చెత్తంతా బ్లోయర్‌లో పడుతుంది. నేను విసురుగా లాగాను. పడింది.

బయటికి వచ్చినదాన్ని చూసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. షాపులో చూసిన తెలుపు ఎక్కడా లేదు. మడతల మధ్య సందులే లేవు, బూడిదరంగు మట్టి గట్టిపడి చదునుగా పూడిపోయింది. దాని మీద ఎండిపోయిన వేపాకులు, వేపపూత, ఒక తూనీగ రెక్క, దోమలు. మా ఇంటి ముందు వేపచెట్టు కిందే బండి పెడతాను. ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర ఉండే జాలీలోంచి బయటి గాలి లోపలికి వస్తుంది. చెట్టు రాల్చిందంతా ఆ దారినే వచ్చి చేరింది. ఒక మూల చిన్న మిరప తొక్క ముక్క, గోరంత, ఇంకా ఎర్రగానే ఉంది. ఇన్నేళ్లు మేమంతా ఆ అట్టలోంచి వడకట్టిన గాలి పీల్చామన్నమాట. కనీసం ఆ క్షణంలోనైనా షాపుకు వెళ్లాల్సింది.

పంపు కింద పెట్టాను. సర్ఫ్ నురుగు పట్టించి పాత టూత్‌బ్రష్‌తో మడత మడతా రుద్దాను. నల్లటి నీళ్లు కాలవ కట్టాయి. ఎంత నలుపు పోతుంటే అంత శుభ్రమవుతోందని నా సంతోషం. పోయింది కనబడుతోంది, పాడైంది కనబడలేదు. డాబా పిట్టగోడ మీద ఎండలో పెట్టి సాయంత్రం వేలితో తడిమి చూస్తే పైన పొడిగానే ఉంది, లోపలి మడతల సంగతి చూడలేదు. చట్రం అంచు మీద ఒక బాణం గుర్తు ఉంటుంది, గాలి ఎటు పోవాలో చెప్పేది. దాన్నీ చూడలేదు. తలకిందులుగా పెట్టి మూత బిగించాను. అంటే ఇన్నేళ్లూ మురికి పట్టిన పక్కను ఇప్పుడు మా ముఖాల వైపు తిప్పానన్నమాట. సర్ఫ్ పట్టించి వదులు చేసిన మట్టి, గాలికి ఊడి ఎటు వస్తుందో వేరే చెప్పనక్కర్లేదు.

గాలి జోరు మాత్రం పెరిగింది. ఇదే నన్ను నిలువునా ముంచింది. మర్నాడు స్టాఫ్ రూములో పెద్ద ఘనకార్యంలా చెప్పాను: సర్వీసు వాళ్లు 2,000 అడిగారు, నేను పైసా ఖర్చు లేకుండా చేసుకున్నాను, మీరూ కడుక్కోండి అని. ఇద్దరు ముగ్గురు నోట్ చేసుకున్నారు. తెలుగు చెప్పే మాస్టారు ఆ వారమే తన కారుది కడిగి, నాకు కృతజ్ఞతలు కూడా చెప్పారు. వాళ్లింట్లో చంటిపిల్ల ఉంది. ఇదంతా గుర్తొచ్చినప్పుడల్లా, నా బండిలో నేను చేసినదానికంటే ఆ రోజు నోటితో చేసినదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. సైన్స్ మాస్టారు చెప్పాడంటే జనం మళ్లీ పరీక్షించి చూసుకోరు. ఆ నమ్మకాన్ని పరీక్షించని మాటకు వాడేశాను.

కొన్నాళ్లకు ఏసీ వెయ్యగానే ముక్కిపోయిన గుడ్డ వాసన మొదలైంది. మొదట మా ఆవిడే పట్టుకుంది. “ఏవండీ, బండిలో ఏదో తడి వాసన వస్తోంది. ఆ కారు పుస్తకంలో ఏముందో ఒకసారి చూడండి” అంది. పుస్తకం గ్లవ్ బాక్స్‌లోనే ఉంది, ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. నేను పుస్తకం తియ్యకుండా సెంటు సీసా కొని ఏసీ జాలీకి తగిలించాను. మల్లెపూల వాసన, దాని అడుగున తడి గుడ్డ వాసన, రెండూ కలిసి కారు నిండా. కొన్ని రోజులకు నా ముక్కు అలవాటుపడింది. వాసన పోయిందనుకున్నాను.

మా అమ్మకు ఉబ్బసం. నరసరావుపేట దగ్గర మా ఊళ్లో ఉంటుంది. మార్చి నెలలో ఆమెను గుంటూరు తీసుకొస్తున్నాను. ఆ రోజుల్లో గుంటూరు గాలి ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. మే నెలలో మిర్చి యార్డుకు సెలవులిచ్చేదాకా లారీలు మిర్చి బస్తాలు వేసుకుని వస్తూనే ఉంటాయి. తేజ రకం మిర్చి దిగిందంటే ఆ చుట్టుపక్కల స్కూటరు మీద పోయేవాళ్లు కూడా తుమ్ముతూనే పోతారు. అందుకే అమ్మకు కారే మేలని అద్దాలన్నీ ఎత్తేసి, ఏసీ వేసి, జాగ్రత్తగా తీసుకొస్తున్నాననుకుంటున్నాను. ఊరు దాటిన కాసేపటికి ఆమె చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. చల్లగాలికేమోనని ఫ్యాన్ తగ్గించాను. తర్వాత దగ్గు పట్టుకుంది, ఆగలేదు. “ఒరే నాన్నా, అద్దం కాస్త దించరా” అంది. దించాను. బయట దుమ్ము. మళ్లీ ఎత్తాను. సంచీలోంచి ఇన్‌హేలర్ తీసుకోబోతే చెయ్యి వణికి సీటు కింద పడిపోయింది. రోడ్డు పక్కన బండి ఆపి, వంగి వెతికి, నేనే అందించాను. ఆమె భుజాలు ఎగిరిపడుతూ ఊపిరి కోసం పడిన అవస్థ నా కళ్లముందు నుంచి పోదు.

డాక్టరు గారు మందు మార్చి, ఇంట్లో కొత్తగా రంగులు వేశారా, అగరొత్తులు వెలిగిస్తున్నారా, చెమ్మ వాసన ఎక్కడైనా ఉందా అని అడిగారు. నేను ఆలోచిస్తుంటే అమ్మే చెప్పింది, “వీడి కారులో ఉంటుందండీ. ఎక్కినప్పుడల్లా ముక్కిన వాసన, సెంటు వాసన.” ఎక్కినప్పుడల్లా. మరి ఇన్నాళ్లూ నాకు చెప్పలేదేమని బయటికొచ్చాక అడిగాను. “నువ్వు ముచ్చటపడి కొనుక్కున్న బండి. దానికి వంకలు పెడితే నీకు కష్టంగా ఉండదూ” అంది. ఆ ఆయాసం కచ్చితంగా ఆ బూజు వల్లే వచ్చిందని డాక్టరు తేల్చలేదు. ఉబ్బసం ఉన్నవాళ్లకు బూజు, ఘాటైన సెంటు రెండూ పడవని మాత్రం చెప్పారు. నేను రెండూ కలిపి, అద్దాలు బిగించి, ఆమెను మధ్యలో కూర్చోబెట్టాను.

ఆ రాత్రే ఆ పుస్తకం కవరు చింపాను. ఫిల్టర్ ఎన్ని కిలోమీటర్లకు చూడాలో, ఎన్నింటికి మార్చాలో, దుమ్ము ప్రాంతాల్లో ఇంకా ముందే మార్చాలని, అంతా బొమ్మతో సహా ఉంది. బాణం గుర్తు కూడా ఉంది. అరచెయ్యి దూరంలో ఫిల్టర్, దాని ముందే ఈ పుస్తకం, ఇన్నేళ్లు.

కడిగితే ఏమవుతుందో తెలుసుకున్నాక సైన్స్ మాస్టారుగా సిగ్గుపడ్డాను. ఫిల్టర్ అంటే జల్లెడ అనుకున్నాను నేను. జల్లెడ అయితే రంధ్రాల కంటే పెద్దవే ఆగాలి, సన్నవన్నీ జారిపోవాలి. ఆ గుడ్డ అలా పనిచేయదు. అది నేసిన గుడ్డ కాదు, సన్నటి పాలీప్రొపిలీన్ పోగులు అడ్డదిడ్డంగా పరిచి అతికించినది. చాలా ఫిల్టర్లలో ఆ పోగులకు తయారీలోనే స్థిర విద్యుదావేశం ఎక్కిస్తారు. సందుల్లోంచి తప్పించుకుపోగలిగే సన్నటి ధూళిని కూడా ఆ ఆవేశమే పోగు దగ్గరికి లాక్కుని పట్టేస్తుంది. పొడి జుట్టు దువ్విన దువ్వెన కాగితం ముక్కల్ని లాగడం ప్రతి ఏడూ తరగతిలో చేసి చూపిస్తాను, అదే ఇది. సబ్బునీళ్లు తగిలితే ఆ ఆవేశం పోతుంది. గుడ్డ చూడ్డానికి తెల్లగానే ఉంటుంది, పెద్ద చెత్తను ఆపుతుంది, సన్నటి ధూళిని వదిలేస్తుంది. ఊపిరితిత్తుల లోతుకు పోయేది ఆ సన్నటిదే. 2.5 మైక్రాన్ల లోపు రేణువులను లెక్కగట్టేది అందుకే, మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. 2020లో కరోనా వచ్చినప్పుడు ఎన్95 మాస్కులు సబ్బుతో ఉతకొద్దని ఇదే కారణంగా చెప్పారు. ఆ మాట పిల్లలకు నేనే చెప్పాను. అదే రకం గుడ్డ కారులో కనబడితే పోల్చుకోలేకపోయాను.

కంప్రెసర్ గాలి కొట్టిస్తే సరిపోతుంది కదా అని చాలామంది అంటారు. పంక్చర్ షాపు గాలి జోరుకు ఆ పోగులు చెదిరి సందులు పడతాయి, లోతున పట్టిన సన్నటి ధూళి మాత్రం పూర్తిగా రాదు. పైనున్న ఆకులూ పురుగులూ పోవాలంటే బయట ఒకసారి నెమ్మదిగా తట్టి దులపవచ్చు. అంతకుమించి వద్దు. నీళ్లతో కడిగి వాడుకోవచ్చని తయారుచేసినవాళ్లే రాసి అమ్మే రకం ఉంటే ఆ మాట వేరు.

మర్నాడే అదే షాపుకు వెళ్లి కొత్తది తెచ్చాను. పాతదాన్ని ఈసారి నిదానంగా లాగాను. లోపలి మడతల్లో నల్లటి బూజు మచ్చలు, ముట్టుకుంటే చల్లగా చెమ్మ. కవరులో మూటగట్టి చెత్తబుట్టలో వేశాను. బ్లోయర్‌లో పడ్డ ఆకుల్ని వాక్యూమ్ క్లీనర్ గొట్టం పెట్టి లాగాను, అరను పొడి గుడ్డతో తుడిచాను, అద్దం కింది జాలీలో ఆకులన్నీ ఏరేశాను. బాణం గుర్తు చూసి కొత్తది పెట్టి, మూత క్లిక్‌మనేదాకా నొక్కాను. మూత సరిగా కూర్చోకపోతే గాలి పక్క సందులోంచి వడకట్టకుండానే పోతుంది. మొదటిసారి చేసేవాళ్లకైనా ఇదంతా పావుగంట పని. సెంటు సీసా పారేశాను. వాసన ఇంకా కాస్త మిగిలితే, దాన్ని కూలింగ్ కాయిల్ శుభ్రం చేసేవాళ్లకు వదిలాను. ఆ పని మాత్రం ఇంట్లో అయ్యేది కాదు, డబ్బిచ్చి చేయించుకున్నాను. సర్వీసు అమ్మాయి చెప్పింది కూడా ఆ రెండు పనులే.

తర్వాత స్టాఫ్ రూముకు వెళ్లి అందరి ముందూ చెప్పాను, నేను చెప్పింది తప్పు, ఎవరూ కడగొద్దు, కడిగినవాళ్లు మార్చెయ్యండి అని. తెలుగు మాస్టారి కారుకు ఫిల్టర్ నేనే కొనుక్కెళ్లి పెట్టాను. ఆయన డబ్బులివ్వబోతే తీసుకోలేదు.

అమ్మకు కూడా చెప్పాను. విని, “పోనీలేరా, ఇప్పుడు బాగుంది కదా” అంది. ఆమె అంత తేలిగ్గా అన్నదని నేను తేలిగ్గా తీసుకోదలచుకోలేదు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

మన ఊళ్ల గాలి సంగతి తెలిసిందే. 2019లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో గుంటూరు, విజయవాడ, విశాఖ, నెల్లూరు, కర్నూలు ఉన్నాయి. ఊరి గాలిని మనం ఒక్కళ్లం బాగుచేయలేం. కారులో కూర్చున్న నలుగురు పీల్చే గాలి మాత్రం మన చేతిలో ఉంది. మిరప ఘాటు గాలిలోకి వచ్చేది ఎక్కువగా సన్నటి పొడి రూపంలోనే, దానికి మామూలు ఫిల్టర్ చాలు. లారీ పొగ వాసన, మురుగు కాలవ వాసన తగ్గాలంటే బొగ్గు పొర ఉన్నది తీసుకోండి. పాత చిన్న కార్లలో, తక్కువ ధర మోడళ్లలో కొన్నిటికి అసలు ఫిల్టరే పెట్టరు, ఖాళీ అర మాత్రమే ఉంటుంది. మీది అలాంటిదేమో చూసుకోండి, అరకు సరిపోయేది షాపులో దొరుకుతుంది. లోపలి గాలే తిరిగే బటన్ గంటలకొద్దీ వేసి ఉంచకండి. నలుగురు వదిలిన గాలే మళ్లీ పీల్చి మగత వస్తుంది, మధ్యమధ్య బయటి గాలి రానివ్వాలి. ఆ బయటి గాలిని వడకట్టేది ఈ ఫిల్టరే.

మీ ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లో, పసిపిల్లలో, ముసలివాళ్లో ఉంటే ఈ ఆదివారమే గ్లవ్ బాక్స్ విప్పి చూడండి. బండిలో ఏదైనా వాసన వస్తోందా అని వాళ్లనే అడగండి, మీ ముక్కును నమ్మకండి. కొత్తది పెట్టేముందు చట్రం అంచు మీద తేదీ, కిలోమీటర్ల అంకె పెన్నుతో రాయండి. పుస్తకంలో ఉన్న దూరంలో సగం తిరగ్గానే ఒకసారి లాగి చూడండి. నల్లబడితే కడగకండి, మార్చండి.